నాలుగో పిల్ల

ముందు చెయ్యి కనిపించింది.

వసంతలక్ష్మి వంటింటి కిటికీ దగ్గర నిలబడి తోటకూర కాడలకి ఈనెలు తీస్తోంది. సాయంత్రం నాలుగు దాటింది. జూన్ నెల ఎండ ఇంకా ఇంటి వెనకున్న చెక్కల డెక్ మీదనే ఉంది. రెయిలింగ్ మీద మధ్యాహ్నం తను పెట్టిన అన్నం ముద్ద కూడా అలాగే ఉంది. దాని వెనక నుంచి నల్లటి చిన్న చెయ్యి ఒకటి పైకొచ్చింది. ఐదు వేళ్ళు. ఏడాది పిల్ల చెయ్యంత ఉంటుందేమో. అది చెక్కని తడుముకుంటూ ఇటు జానెడు, అటు జానెడు వెతికి, ముద్ద తగలగానే ఆగింది. కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం వెతికే మనిషి చెయ్యిలా ఉంది.

ఆమె చేతిలో తోటకూర కాడ చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత తల వచ్చింది. మొనదేలిన మూతి, కళ్ళ చుట్టూ ఎవరో కాటుక పెట్టబోయి చెంపలదాకా పులిమినట్టు నల్లటి పట్టీ. పిల్లి కాదు. పునుగుపిల్లి కూడా కాదు. ముద్దని రెండు చేతులా పట్టుకుని, మెట్లు దిగి, వీపు గూనిలా వంచి నడుచుకుంటూ కుళాయి కింద ఉన్న ప్లాస్టిక్ తొట్టి దగ్గరికి వెళ్ళింది. వెనకాల లావుపాటి తోక, దాని మీద గాజులు తొడిగినట్టు నల్లటి వలయాలు.

తొట్టి ముందు కూర్చుని ముద్దని నీళ్ళలో ముంచి రుద్దింది. ముద్ద కరిగిపోయింది. చేతులు పైకెత్తి చూసుకుంది. ఖాళీ. మళ్ళీ నీళ్ళలో పెట్టి తడిమింది. ఒక చెయ్యి తిరగేసి చూసుకుంది, తర్వాత రెండోది.

వసంతలక్ష్మికి నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది. నాలుగు నెలలుగా, తను తినబోయే ముందు మొదటి ముద్ద కాకికి పెడుతూనే ఉంది. ఊళ్ళో అయితే గోడ మీద చెయ్యి తియ్యకముందే కాకి వాలేది. ఇక్కడివి మేపుల్ చెట్టు చిటారున కూర్చుని కిందికి చూడవు. అయినా సాయంత్రానికి ముద్ద మాయమయ్యేది. ఈ అమెరికా ఊరు పార్సిప్పనీలో కాకులు సిగ్గరివి, మనుషులెదుట తినవు అనుకుని ఊరుకుంది. పోయినవాళ్ళు కాకి రూపంలో వస్తారంటారు. ఎవరు వస్తున్నారో అని ఒక్కోరోజు ఒక్కొక్కరిని తలుచుకుని పెట్టేది. సాయంత్రం వస్తానని వెళ్ళి రాని భర్త కోసం ముద్దలో కాస్త కందిపొడి కూడా కలిపేది.

అదంతా ఈ కాటుక మొహంది తింటోందన్నమాట. తినడం కూడా కాదు, నీళ్ళపాలు చేసుకుంటోంది.

మర్నాడు ఆవిడ పప్పు తగ్గించి ముద్ద గట్టిగా అదిమింది.

*

ఈ సంగతి కూతురికి చెప్పాలనుకుంది. రేణు పగలంతా ఇంట్లోనే ఉంటుంది కానీ, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు ఉంటుంది. ఎప్పుడు మాట్లాడొచ్చో ఎప్పుడు కూడదో ఆవిడకి తెలీదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ తన పాత పుస్తకం తీసి కూర్చుంది. వారపత్రికలో వచ్చిన సీరియల్ కాగితాలు చింపి, మధ్యలో పురికొసతో తనే కుట్టుకున్న పుస్తకం. చదువు ఎవరూ చెప్పింది కాదు. బడికి వెళ్ళే తమ్ముళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు పైకి చదువుతుంటే వేలితో అక్షరాలు పట్టుకుంది. అందుకే ఇప్పటికీ పైకి చదివితేనే ఆవిడకి బుర్రకెక్కుతుంది. వేలు కింద అక్షరం, నోట్లో మాట, రెండూ కలిసి నడవాలి.

"సుభద్ర పెట్టె సర్దుకుంది. అద్దంలో ఒకసారి..."

"అమ్మా." రేణు గది తలుపులోంచి తల బయటపెట్టింది. "కాల్‌లో ఉన్నా. మా మేనేజర్ ఎవరు మాట్లాడుతున్నారని అడుగుతున్నాడు. మనసులో చదువుకోవూ."

"మనసులో చదివితే చదివినట్టుండదే."

"ప్లీజ్ అమ్మా."

పుస్తకం మూసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎలాగూ ఆపే చోటు దగ్గరపడింది. సుభద్ర స్టేషనుకి చేరి ప్లాట్‌ఫారం మీద నిలబడేదాకా చదివి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదటికి వచ్చేస్తుంది. రైలొచ్చే ప్రకరణం దగ్గర పేజీలు ఇన్నేళ్ళయినా నలగలేదు.

నాలుగింటికి కాటుకది వచ్చింది. ఆవిడ గాజు తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది. ఈసారి ముద్ద నీళ్ళలో సగమే కరిగింది. మిగిలిన సగం గబగబా నోట్లో కుక్కుకుని, వేళ్ళ సందులు నాకి, వెనక్కాళ్ళ మీద లేచి గాజు వైపు చూసింది. అప్పుడు కనిపించింది దాని పొట్ట. చనుమొనల చుట్టూ బొచ్చు ఊడి, చర్మం ఎర్రగా వాచి ఉంది.

పాలిచ్చే తల్లి. అందుకే పట్టపగలు తిండికి తిరుగుతోంది.

మూడో రోజు అది వెళ్ళే దారి ఆవిడ కనిపెట్టింది. డెక్ కింద చుట్టూ కొట్టిన చెక్క జాలీలో, మెట్ల పక్కన ఒక బద్ద విరిగిపోయి ఉంది. తల్లి అందులోంచి దూరింది. కాసేపటికి అదే కన్నంలోంచి చిన్న మూతి, దాని మీదెక్కి ఇంకోటి. వెనకాల మరో రెండు. నాలుగు. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. నాలుగో దానికి ఒక చెవి కాస్త మడిచినట్టుంది. మిగిలిన మూడూ లోపలికి పోయినా అది అక్కడే కూర్చుని గడ్డిపోచని చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

ఆ గడ్డిపోచలో ఏముందో దానికెంత తెలుసుకోవాలని ఉందో, ఆ పిల్లలో ఏముందో ఈవిడకీ అంత తెలుసుకోవాలని ఉంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

*

"అత్తయ్యగారూ, మీ గోంగూర చూశారా?"

గురువారం పొద్దున అల్లుడు ఉదయ్ టై కట్టుకుంటూ అడిగాడు. ఆవిడ చూసింది. మడిలో మొక్కలు సగం వేళ్ళతో సహా పైకి లేచి ఉన్నాయి. మట్టిలో పురుగుల కోసం తవ్వినట్టుంది.

"రకూన్స్," అన్నాడు రేణుతో. "నిన్న పక్కింటాయన ఆపి మరీ చెప్పాడు. వాళ్ళ ట్రాష్ బ్యాగ్స్ చింపి డ్రైవ్‌వే అంతా చెత్త చేసిందట. మన డెక్ కింద నుంచే వస్తోందంటాడు. ఇవాళే ఎవరినైనా పిలిపిస్తా. రేబీస్ అవీ ఉంటాయి, నవ్వులాట కాదు."

"ట్రాప్ పెడతారా?"

"పెట్టి తీసుకుపోతారు."

"ఎక్కడికి?" అంది వసంతలక్ష్మి, ఇడ్లీపాత్ర మూత తీస్తూ.

ఉదయ్ రేణు వైపు చూశాడు. ఎప్పుడైనా అంతే. అత్తగారు అడిగింది రేణుకి చెబుతాడు, రేణు తల్లికి చెబుతుంది. ఈవిడా అల్లుడికి చెప్పాల్సింది కూతురికే చెబుతుంది. ఐదేళ్ళుగా వాళ్ళ మధ్య మర్యాద అలాగే సాగుతోంది.

"తెలీదమ్మా. దూరంగా ఏదో అడవిలో వదుల్తారేమో," అంది రేణు.

తల్లిని తీసుకెళ్ళి అడవిలో వదుల్తారు. మరి కింద ఉన్నవాటిని? ఆ మాట అడగాలంటే కింద ఏమున్నాయో తనకెలా తెలుసో చెప్పాలి. అది చెప్పాలంటే ముద్ద సంగతి చెప్పాలి. అల్లుడు కొత్తగా కొనుక్కున్న ఇంటికి అడవి జంతువుని రోజూ అన్నం పెట్టి అలవాటు చేసింది తను. పక్కింటివాళ్ళ చేత మాట పడేలా చేసింది తను. ఇడ్లీలు వడ్డించింది. చట్నీ వేసింది. అడగలేదు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. బయట పెడితే తప్పు. పెట్టకుండా తింటే, ఇన్నేళ్ళలో ఎన్నడూ తిన్నది కాదు. కంచం పక్కకి జరిపి మజ్జిగ తాగి లేచింది.

*

శుక్రవారం పదింటికి వచ్చింది మగవాడు కాదు. అరవై దాటిన ఆడమనిషి, పేరు డయాన్. మోకాళ్ళ దగ్గర మట్టి పట్టిన ప్యాంటు, జుట్టు తెల్లగా పొట్టిగా ఉంది. ట్రక్కులోంచి ఇనుప బోను దించి డెక్ పక్కన పెట్టింది. జేబులోంచి తెల్లటి మిఠాయిలు తీసి లోపల వరసగా పేర్చింది. బోను తలుపు ఒకసారి వేలితో తట్టి చూసింది. తలుపు ఠపీమని పడింది.

ఆ చప్పుడుకి వసంతలక్ష్మి గాజు తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"రేణూ, ఆవిడతో చెప్పు. అది తల్లి."

"ఏంటమ్మా?"

"కింద పిల్లలున్నాయి. నాలుగు. పాలు తాగేవి."

రేణు నోరు తెరిచేలోపే ఆవిడ డయాన్ ముందుకి వెళ్ళింది. ఇంగ్లీషు రాదు. రెండు చేతులూ తన గుండెల మీద ఆనించి, తర్వాత ఒడిలో పసిదాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని, నాలుగు వేళ్ళు చూపించింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో పరాయి మనిషి ముందు అలా చెయ్యాల్సి వస్తుందని ఆవిడ అనుకోలేదు.

డయాన్ బోను వదిలేసి లేచి నిలబడింది. ఏదో అడిగింది.

"నువ్వు చూశావా అని అడుగుతోంది," అంది రేణు.

"చూశాను. రోజూ నాలుగింటికి వస్తుంది. చనుమొనల దగ్గర బొచ్చు లేదు. మెట్ల పక్కన విరిగిన బద్ద దగ్గర పిల్లలు బయటికి చూస్తాయి. ఒకదానికి చెవి మడత. ఎందుకొస్తుందో కూడా చెప్పు. నేను ముద్ద పెడుతున్నాను. కాకికని పెట్టాను, తర్వాత తెలిసి కూడా పెట్టాను."

ఉదయ్ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్దామని ఆగి ఉన్నాడు. డెక్ మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. దానికంటే రెండు మాటలంటే బావుండేది అనిపించింది ఆవిడకి.

డయాన్ నేల మీద బోర్లా పడుకుని టార్చిలైటుతో కన్నంలోకి చూసింది. లేచి, బోనులోంచి మిఠాయిలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకుంటూ మాట్లాడింది. రేణు తల్లి వైపు తిరిగింది.

"పట్టుకున్నదాన్ని ఇంకోచోట వదలరటమ్మా. రూల్ ఒప్పుకోదట." ఆ తర్వాతి మాట తెలుగులో చెప్పడానికి రేణుకి ఇష్టం లేకపోయింది. తల్లికి అర్థమైంది. "ఇంకో దారి ఉందట. ఇలాంటి తల్లులకి చుట్టుపక్కల ఇంకో గూడు కూడా తెలిసుంటుందట. కింద లైట్ పెట్టి, మనుషుల గొంతు వినిపిస్తూ ఉంటే, ఇక్కడ బాలేదనుకుని తనే పిల్లల్ని నోట కరుచుకుని మార్చేస్తుందట. పిల్లలు ఇంకా చిన్నవి కాబట్టి మోయగలదు. సోమవారం పొద్దున వస్తానంటోంది. అప్పటికీ కిందే ఉంటే మాత్రం బోనే."

"అన్నం?"

"ఇక ఒక్క మెతుకు కూడా పెట్టకూడదట. మళ్ళీ వస్తే పక్కింటాయన ఈసారి మనకి చెప్పడు, డైరెక్ట్‌గా టౌన్ ఆఫీసు వాళ్ళకే చెబుతాడు."

డయాన్ వెళ్ళబోతూ వసంతలక్ష్మి చెప్పుల్లేని కాళ్ళ వైపు చూసి, చెయ్యి అందించింది. మట్టిచెయ్యి. ఆవిడ పట్టుకుంది.

*

ఉదయ్ డెక్ కింద ఒక బల్బు వేలాడదీశాడు. అటక మీంచి పాత రేడియో తెచ్చి వార్తల స్టేషను పెట్టాడు. శుక్రవారం సాయంత్రమంతా అది ట్రాఫిక్ గురించి మాట్లాడింది. తల్లి బయటికొచ్చి, రేడియో ఎక్కడుందో వాసన చూసి, దాని నాబ్ చేత్తో అటూ ఇటూ తిప్పి వెళ్ళింది. స్టేషను మారి ఎవరో పాట పాడటం మొదలుపెట్టారు.

"దానికి న్యూస్ నచ్చలేదు," అన్నాడు ఉదయ్. రేణు నవ్వింది. ఆ నవ్వుతో ఇంట్లో బిగుసుకున్నదేదో కాస్త సడలింది.

"ఈ ఇంట్లో టీవీ, నీ ఫోన్లు అదెప్పుడూ వింటూనే ఉంది కదే," అంది వసంతలక్ష్మి. "అలవాటైన చప్పుడుకి ఎందుకు భయపడుతుంది? దానికి అలవాటు లేనిది నా గొంతే. నేనెప్పుడూ దాని ముందు ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు."

శనివారం సాయంత్రం ఏడింటికి రేడియో కట్టేయించి, విరిగిన బద్దకి సరిగ్గా పైన, డెక్ చెక్కల మీద పీట వేసుకుని కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. మనసులో కాదు, గొంతెత్తి చదివింది. సుభద్ర పుట్టింటి గొడవలు, సుభద్ర అత్తగారి ఎత్తిపొడుపులు, సుభద్ర దాచుకున్న ఉత్తరం. పేరా పూర్తయినప్పుడల్లా మడమతో చెక్కని రెండుసార్లు కొట్టేది. కింద గీరుతున్న చప్పుడు, పసిపిల్లల కువకువలు. ఒక్కో కువ్వుకీ ఆవిడ గొంతు తడబడేది. వేలితో వరస వెతుక్కుని మళ్ళీ అందుకునేది.

ఎనిమిదిన్నరకి తల్లి బయటికొచ్చింది. డెక్ వైపు తల తిప్పి చూసింది. గాజు వెనక కనబడే ఆ మనిషేనా అన్నట్టు ఒక్క క్షణం. తర్వాత కంచె ఎక్కి వెనకున్న చెట్లలోకి వెళ్ళిపోయింది. ఒక్కటే. నోట్లో ఏమీ లేదు.

"వదిలేసి పోయిందేమోనే," అంది ఆవిడ లోపలికొచ్చి.

"గూడు చూసుకోడానికి వెళ్ళుంటుందమ్మా. పడుకో."

ఆవిడ పడుకుంది. కూరలో ఉప్పు వేశానా లేదా అని లేచి చూసే అలవాటు ఆవిడకి. ఈసారి ఏ గిన్నె మూత తీస్తే తెలుస్తుంది? తన గొంతు విని ఇంట్లోంచి పోయిన మొదటి ప్రాణి అది. ఇప్పటిదాకా పోయినవాళ్ళంతా ఆవిడ ఒక్క మాట కూడా అనకముందే పోయారు.

తెల్లవారాక చూస్తే తల్లి కన్నం దగ్గరుంది.

*

ఆదివారం సాయంత్రం పుస్తకం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది. రేణు మిరియాల పాలు తెచ్చి పక్కన పెట్టింది. గాజు తలుపు అవతల తన ఆఫీసు కాల్‌లో కూర్చుంది. ఇండియాలో వాళ్ళకి సోమవారం మొదలైపోయిందట.

పొద్దు చెట్ల వెనక్కి దిగుతుండగా తల్లి మెడ పట్టుకుని మొదటి పిల్లని బయటికి తెచ్చింది. పిల్ల కాళ్ళు ముడుచుకుని సంచీలా వేలాడుతోంది. కంచె ఎక్కింది, దిగింది, కనపడకుండా పోయింది. వసంతలక్ష్మి అక్షరాల మీంచి వేలు తియ్యలేదు. చదువుతూనే ఉంది. పావుగంటకి తల్లి తిరిగొచ్చింది. రెండోది. మళ్ళీ పావుగంట. మూడోది.

సుభద్ర పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఆగే చోటు అదే.

ఉదయ్ చేతిలో సుత్తి, ఇనుప మెష్ ముక్క పట్టుకుని మెట్లు దిగాడు. "అయిపోయాయి రేణూ. వెలుతురుండగానే మూసేస్తా. మళ్ళీ దూరిందంటే మొదటికొస్తుంది."

"నాలుగు బాబూ," అంది వసంతలక్ష్మి.

రేణు అక్కడ లేదు, గాజు తలుపు లోపలే ఉంది. ఆ మాట సూటిగా అతనికే చెప్పింది. ఉదయ్ తడబడ్డాడు.

"మూడే వెళ్ళాయి... ఇంకోటి ఉందంటారా? నేను లైట్ వేసి చూశానండీ, కింద ఏమీ లేదు."

"మెట్ల కింద మూలలో ఉంటుంది. మడత చెవిది. మీరు చూసింది మూడు రోజులు. నేను చూసింది ఇంకా ఎక్కువ. మేకు కొట్టకండి."

అతను సుత్తి దించాడు.

కంచె మీద తల్లి కనిపించింది. దిగడం లేదు. ముందుకాళ్ళు రెండూ చెక్కని పట్టుకుని, డెక్ వైపు చూస్తూ ఉండిపోయింది. దిగబోయి మళ్ళీ వెనక్కి ఎక్కింది. మూలలోంచి సన్నటి కూత ఒకటి వచ్చింది.

వసంతలక్ష్మికి అప్పుడు తెలిసింది. మూడింటిని పంపించింది తన గొంతే. నాలుగోదానికి అడ్డు నిలబడిందీ తన గొంతే.

ఆవిడ వాక్యం మధ్యలో ఆపేసింది. పుస్తకం మూయలేదు, కాగితం చప్పుడవుతుందని. అల్లుడి వైపు చూసి వేలితో బల్బు చూపించింది. అతను వంగి స్విచ్ తీసేశాడు. సుత్తి గడ్డిలో పడుకోబెట్టి, తనూ మెట్టు మీద కదలకుండా కూర్చున్నాడు. ఎంతసేపో ఎవరూ చూసుకోలేదు. దోమ ఒకటి ఆవిడ ముంజేతి మీద వాలి కుట్టింది. తోలలేదు.

తల్లి దిగింది. పచ్చిక మీద పొట్ట ఆనించి పాక్కుంటూ వచ్చి కన్నంలో దూరింది. చెక్కల కింద, సరిగ్గా ఆవిడ పాదాల కింద, గోళ్ళ చప్పుడు. తర్వాత బయటికొచ్చింది. నోట్లో మడత చెవిది. పచ్చిక మధ్యలో ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగింది.

ఎవరు గడప దాటుతున్నా ఆవిడ వెళ్ళిరండి అంటుంది. వెళ్తున్నా అన్నవాళ్ళని వెనక్కి పిలిచి, వెళ్ళొస్తా అనిపించి మరీ పంపిస్తుంది. ఉత్తి వెళ్ళు అన్న మాట ఆవిడ నోటి నుంచి ఎవరూ విని ఉండరు.

"వెళ్ళు," అంది, బొంగురు గొంతుతో. "మళ్ళీ రాకు."

అది కంచె ఎక్కి అవతలికి దిగింది. ఆకుల చప్పుడు కొంతదూరం వినిపించి ఆగిపోయింది.

ఉదయ్ లేచి మెష్ పెట్టి మేకులు కొట్టాడు. నాలుగు మేకులు కొట్టాక, "ఇంకేం లేవుగా అత్తయ్యగారూ?" అని అడిగాడు.

"లేవు బాబూ. కొట్టెయ్యండి."

అతను లోపలికి వెళ్ళాడు. ఆవిడ పీట మీంచి లేవలేదు. వేలు ఇంకా ఆగిన అక్షరం మీదే ఉంది. గాజు తలుపు జరిగింది. రేణు హెడ్‌సెట్ మెడలోకి దించుకుని వచ్చి పక్కన చెక్కల మీద చతికిలబడింది.

"కాల్ అయిపోయిందా?"

"లేదు. మ్యూట్‌లో పెట్టా." మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుంది. "నిన్నటి నుంచీ వింటున్నా. సుభద్ర రైలెక్కిందా?"

"తెలీదే."

"తెలీకపోవడమేంటి? నా చిన్నప్పటి నుంచీ నీ దగ్గరే ఉందిగా ఈ పుస్తకం."

"ఇంతవరకే చదివాను ఎప్పుడూ."

రేణు తల్లి మొహం వంక చూసింది. లేచి డెక్ లైటు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. వసంతలక్ష్మి కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుంది. నలగని పేజీ తిప్పి, మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

"రైలు వచ్చి ఆగింది," అని పైకి చదివింది.